మా అమ్మ పురుగుల లెక్క

మన భాషలో మనిషిని తక్కువ చెయ్యాలంటే ముందు పురుగు దగ్గరికే వెళ్తారు. "పురుగును చూసినట్టు చూశాడు" అంటారు. "పురుగు కన్నా హీనం" అంటారు. "పురుగుల్లా పుట్టుకొస్తున్నారు" అంటారు. ఈ మాటలు ఎవరి మీద ఎక్కువ పడ్డాయో పేటల్లో పుట్టినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా నాన్న విన్నాడు. నేను విన్నాను. ఈ అక్టోబరులో మా అమ్మాయి విన్నది. దానికి తొమ్మిదేళ్ళు.

బడిలో పక్కన కూర్చునే పిల్ల అందంట, "మీది పేట అంట కదా, ఏ ఆఫీసుకెళ్ళినా పురుగుల్లా మీరేనంట, మా నాన్న చెప్పాడు" అని. మా పిల్ల ఏడవలేదు. రాత్రి అన్నం తింటా అడిగింది: "అమ్మా, పురుగు అంటే తిట్టా? సీతాకోకచిలుక కూడా పురుగే కదా?"

ఆ రెండో పిల్ల మీద నాకు కోపం లేదు. దానికి ఆ మాట ఇంట్లో అన్నంతో పాటు వడ్డించారు. బడికి వెళ్ళి మాట్లాడాను, ఆ సంగతి ఇంకో రోజు రాస్తాను. ఇవాళ రాసేది మా పిల్ల వేసిన ప్రశ్న గురించి. ఆ ప్రశ్నకు జవాబు ఉపన్యాసంలో చెప్పడం నాకు వచ్చు. ఇరవై ఏళ్ళుగా మీటింగుల్లో చేసే పని అదే. కానీ తొమ్మిదేళ్ళ పిల్లకి ఉపన్యాసం దేనికి? పురుగునే చూపిద్దాం అనుకున్నాను.

మా ఆయన ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాడు. "మడ అడవికి పోదాం" అన్నాడు. దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్నది కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం. 1989లో ప్రకటించారు. 194.81 చదరపు కిలోమీటర్లు. పేపర్లలో బావురుపిల్లి గురించి రాసినప్పుడు దీని పేరు కనిపిస్తుంది. ఆ పిల్లి చేపలు పట్టుకుని తింటుంది. మేం పోయింది పిల్లి కోసం కాదు, పురుగుల కోసం.

ఆదివారం తెల్లారి గుడివాడలో బయల్దేరి గుడ్లవల్లేరు, పెడన మీదుగా బందరు చేరాం. మా అమ్మ అక్కడ తమ్ముడి దగ్గర ఉంటది. విషయం చెప్పగానే నవ్వింది. "పురుగులు చూడ్డానికి డబ్బులు పెట్టి పోవడం ఏందే? నన్నడిగితే ఊరికే చూపిస్తా కదా" అంది. అయినా చీర మార్చుకుని, తినే పొగాకు కొంగున కట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఆమె పుట్టిల్లు నాగాయలంక పక్కన. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ దగ్గర ఏరు దాటేటప్పుడు కిటికీ దించి గాలి పీల్చింది. ఎందుకని ఎవరం అడగలేదు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఆమె తన చెల్లెల్ని పోగొట్టుకుంది. ఆ తుఫానులో దాదాపు 10 వేల మంది పోయారు. మట్టి గోడలు, తాటాకు కప్పులు ఎవరివో, పల్లపు నేలలో ఇళ్ళు ఎవరికి ఇచ్చారో, ముందు వాళ్ళే కొట్టుకుపోయారు.

నాగాయలంకలో అనుమతి తీసుకుని పడవ ఎక్కాం. నడిపింది యానాది పెద్దాయన. అమ్మ ఆయన్ని "అన్నా" అంది, పిల్లలు "తాతా" అన్నారు. పాయలోకి మళ్ళగానే రెండు పక్కలా మడ చెట్లు, బురదలోంచి పైకి లేచిన వేళ్ళు. మా ఆయన పాఠం మొదలుపెట్టాడు. కాళ్ళు లెక్కపెట్టండి, ఆరుంటే కీటకం. ఎనిమిదుంటే సాలీడు, కీటకం కాదు. బురద మీద ఎర్రటి కొండి ఊపుతున్న చిన్న పీతకి కొండ్లతో కలిపి పది. ఇవన్నీ కీళ్ళ కాళ్ళ జీవులే, ఒకే పెద్ద కుటుంబం. రొయ్య కూడా అంతే.

మా అబ్బాయి పన్నెండేళ్ళవాడు, వెంటనే పట్టుకున్నాడు. "అంటే రొయ్య పురుగుకి చుట్టమా? మరి కిలో అన్ని వందలెందుకు?" పడవ తాత పడీపడీ నవ్వాడు. గుడివాడ నుంచి కైకలూరు దాకా, ఇటు దివిసీమలో, వరిచేలు తవ్వి చెరువులు చేసింది ఆ చుట్టం కోసమే. ఎకరం ఊడ్చడానికి, కలుపు తియ్యడానికి, కొయ్యడానికి ఎంతమంది ఆడోళ్ళు కావాలో లెక్కేసుకోండి. అదే ఎకరం చెరువైతే ఎంతమంది కావాలో అది కూడా వేసుకోండి. ధర పలికే చుట్టానికి మర్యాద వేరు. మనుషుల్లోనూ అంతే కదా.

నీళ్ళ మీద సన్నకాళ్ళతో జారిపోయే పురుగులు కనిపించాయి. నేల మీద లక్షల రకాల కీటకాలున్నా నడిసముద్రంలో బతికేవి ఇలాంటి నీటి మీద నడిచే పురుగుల్లో కొన్ని రకాలే అని మా ఆయన చెప్పాడు. మనుషులు ఇప్పటిదాకా పేరు పెట్టిన కీటకాల రకాలే సుమారు 10 లక్షలు. ఒడ్డున చెట్ల కొమ్మల్లో ఆకులు దగ్గరికి లాగి కుట్టినట్టు కట్టిన చీమల గూడు. పై నుంచి తూనీగలు, ఒకటా రెండా, గుంపులు గుంపులు.

"తూనీగలు కిందకి దిగి ఎగిరితే వాన" అంది అమ్మ. మా ఆయన ఇంకోటి చెప్పాడు. మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రవేత్త, మంచినీటి చెరువు కూడా సరిగా లేని ఆ దీవులకు ఏటా అక్టోబరు వచ్చేసరికి ఇన్ని తూనీగలు ఎక్కడినుంచి వస్తున్నాయా అని ఏళ్ళ తరబడి లెక్క రాసుకున్నాడు. అవి దక్షిణ భారతం నుంచి గాలి పట్టుకుని హిందూ మహాసముద్రం మీదుగా తూర్పు ఆఫ్రికా దాకా పోతున్నాయని 2009లో ప్రకటించాడు. బయల్దేరింది ఒక తరం, తిరిగొచ్చేది దాని పిల్లల పిల్లలు. చిన్నప్పుడు మనం తోకకు దారం కట్టి ఎగరేసిన తూనీగలు ఇవే. మా పిల్ల నోటుపుస్తకంలో "తూనీగ - పాస్‌పోర్టు లేదు" అని రాసుకుంది.

పడవ తాత మడ పూత గురించి చెప్పాడు. పూత కాలంలో ఇక్కడ తేనెటీగల రొద పడవ మోతను మించి వినపడుద్దంట. ఆ ఈగలు పువ్వు మీద వాలకపోతే కాయ లేదు, కాయ లేకపోతే కొత్త మడ లేదు. మడ లేకపోతే ఏమవుద్దో అమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు. సొర్లగొంది వైపు చూస్తా అంది, "చెట్టు ఉన్నకాడ అల విరిగింది. ఖాళీ ఉన్నకాడే నేరుగా ఊళ్ళోకొచ్చింది." పిల్లలు ఆ మాట అర్థం చేసుకోవడానికి కాసేపు పట్టింది. ఈగ నుంచి పువ్వుకి, పువ్వు నుంచి చెట్టుకి, చెట్టు నుంచి మా చిన్నమ్మ ప్రాణానికి.

అక్కడిదాకా అది మా ఆయన పాఠం. తిరిగొచ్చేటప్పుడు మా అమ్మ పాఠం మొదలైంది.

దారిలో అమ్మ పినతల్లి కొడుకు, అంటే మా మావయ్య, కౌలుకు చేస్తున్న చేను ఉంది. సార్వా వరి, పాలు పోసుకునే దశ. అమ్మ చెప్పులు గట్టున విడిచి, చీర ఎగదోపుకుని చేలోకి దిగింది. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. దుబ్బు మొదట్లో అరచేత్తో తట్టింది. గోధుమరంగు దోమలు నాలుగైదు నీళ్ళలోకి రాలాయి. "ఇదే సుడిదోమ. నడిచేలో గుండ్రంగా సుడి పెట్టినట్టు మాడ్చుద్ది, అందుకని ఆ పేరు. నాలుగు రాలితే భయం లేదు. గుప్పెడు రాలితే చేను పోయినట్టే." దుబ్బు విడదీసి చూపించింది. "ఇదిగో, మొదట్లో తిరిగే సాలీడు. ఇది ఉన్నంతసేపు దోమ పెరగదు."

"అది పురుగు కాదమ్మమ్మా, ఎనిమిది కాళ్ళు" అంది మా పిల్ల.

"కాళ్ళెన్నయితే నాకేందే, చేసే పని చూడు."

ఇంకో చిన్న పచ్చ పురుగును చూపించింది, నల్ల మచ్చలున్నది. "దీని పేరు మాకు తెల్వదు. దోమల్లో కలిసి తిరుగుద్ది, కానీ దోమ కాదు." మా ఆయన వంగి చూసి, ఇది మిరిడ్ నల్లి, దోమ గుడ్లను పీల్చి తింటుంది, వ్యవసాయ పుస్తకాల్లో దీన్ని మిత్రపురుగు అని రాస్తారు అన్నాడు. అక్షింతల పురుగు పేనుబంకను తింటుందని అమ్మకు తెలుసు. మొవ్వు లాగితే ఊడి వచ్చిందంటే లోపల పురుగు తొలిచిందని తెలుసు. నాట్లు వేసేటప్పుడు రెండు మీటర్లకొక కాలిబాట ఎందుకు వదలాలో తెలుసు. గాలి ఆడితే దోమ నిలవదు. నలభై ఏళ్ళు వంగి ఊడ్చిన, కలుపు తీసిన మనిషికి చేను మొదట్లో ఏం జరుగుతుందో తెలియకుండా ఎలా ఉంటది? గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామికి కంకి కనపడుద్ది. మొదలు కనపడేది వంగినవాళ్ళకే.

అమ్మ ఇంకో మాట చెప్పింది, మామూలుగా, చేతులు కడుక్కుంటా. "మందు కొట్టిన మర్నాడు చేలోకి దిగితే సాలీళ్ళు, కప్పలు తేలి ఉండేయి. దోమ మాత్రం పది పదిహేను రోజులకి రెండింతలు వచ్చేది. అయ్యా, మందు కొడితేనే పెరుగుతందయ్యా అంటే, నీకేం తెలుసు పనిచూసుకో అనేవోళ్ళు."

ఈ మాటను పుస్తకాల్లో చదవండి. సుడిదోమ గుడ్లు ఆకుతొడిమ లోపల ఉంటాయి, మందు వాటిదాకా పోదు. పోయేది బయట తిరిగే సాలీడు, మిరిడ్ నల్లి. గుడ్లు పగిలే వేళకి తినేవాడెవడూ చేలో మిగలడు. ఇండోనేషియాలో దీనివల్లే చేలకు చేలు మాడిపోతే, 1986లో అక్కడి ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందుల్ని ఆపేసింది. తర్వాత రైతుల్ని పొలంలోనే కూర్చోబెట్టి మంచి పురుగేది, చెడ్డ పురుగేది లెక్కపెట్టించారు. ఆ పద్ధతే మన దగ్గరికి పొలంబడిగా వచ్చింది. మా ఊళ్ళో పొలంబడి జరిగినప్పుడు కుర్చీలు భూమి ఉన్నవాళ్ళకి వేశారు. మా అమ్మ ఆ రోజు కూడా అదే చేలో కలుపు తీస్తోంది. ఎవరికి పాఠం చెప్తున్నారో, పాఠం ఎవరి దగ్గర ఉందో మీరే చూడండి.

ఇక మా నాన్న సంగతి. ఆయన మందు కొట్టే కూలి. వీపున పంపు, లుంగీ ఎగగట్టి, చొక్కా లేకుండా, గాలికి ఎదురు నడుస్తా. 1994 సార్వాలో మోనోక్రోటోఫాస్ కొడుతుండగా మధ్యాహ్నానికి చేలో పడిపోయాడు. నోట్లో నురగ, కంటిపాప ఆవగింజంత అయిపోయింది. ఎడ్లబండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ అడిగిన మొదటి ప్రశ్న, "ఎందుకు తాగాడు?" అమ్మ "తాగలేదయ్యా, కొట్టాడు" అంది. రెండోసారీ అంది. కాగితం మీద మాత్రం పురుగులమందు తాగి అనే రాశారు. మన మగాళ్ళు తాగి చస్తారనేది అందరికీ ముందే తెలుసు కదా! చర్మంలోంచి కూడా మందు ఒంట్లోకి ఎక్కుద్దని తెలిసినవాళ్ళు కూడా అడగలేదు. అట్రోపిన్ సూదులు వేసి బతికించారు, అందుకు రుణపడి ఉన్నాం. ఆసామి ఆ రోజుకి సగం కూలి పంపాడు, పని చేసింది మధ్యాహ్నం దాకే కాబట్టి. ఆ తర్వాత నాన్న బతికిన పదకొండేళ్ళు చేతిలో గ్లాసు నిలిచేది కాదు.

చేను గట్టున కూర్చుని ఈ సంగతి పిల్లలకి మొదటిసారి చెప్పాను. అబ్బాయి అడిగాడు, "పురుగుల మందు మనిషికెందుకు ఎక్కింది?" వాళ్ళ నాన్న చెప్పాడు. నరం నుంచి కండకి కబురు వెళ్ళాక ఆ కబురును ఆపడానికి ఒంట్లో ఒక రసాయనం ఉంటుంది, పేరు ఎసిటైల్ కోలినెస్టరేజ్. దోమలోనూ ఉంది, మనిషిలోనూ ఉంది. ఈ మందు దాన్ని కట్టేస్తుంది. కబురు ఆగదు, కండ కొట్టుకుంటూనే ఉంటుంది, చివరికి ఊపిరి నిలిచిపోతుంది. నరం దగ్గర దోమకీ మనిషికీ ఆ మందు తేడా చూడదు.

మా పిల్ల కాసేపు ఆలోచించి అంది, "అయితే తాతయ్యా దోమా ఒకటేనా?" నాకు గొంతు పట్టేసింది. అమ్మే జవాబు చెప్పింది. "మందుకి ఒకటే. కొట్టమన్నోడిక్కూడా ఒకటే."

పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. 1971 నియమాల్లో స్పష్టంగా రాశారు, మందుతో పనిచేసే మనిషికి రక్షణ బట్టలు, ఊపిరికి రక్షణ పరికరం ఇవ్వాలని. నాన్న పడిపోయేనాటికి ఆ రాతకు 23 ఏళ్ళు. మా చేలల్లో ఒక్క చేతి తొడుగు కూడా చూసినవాళ్ళు లేరు. ఇప్పుడు డ్రోన్లు వచ్చాయి అంటారు. వచ్చాయి, సంతోషం. డ్రోన్ రాని ప్రతి చేలోనూ పంపు మోసే వీపు ఎవరిదో ఈ సార్వాలో మీ ఊళ్ళో గట్టు మీద నిలబడి చూడండి.

చేను నుంచి రోడ్డుకొచ్చే బాటలో గేదెల పేడ దగ్గర పేడపురుగు కనిపించింది. అబ్బాయి "ఛీ" అన్నాడు. వాళ్ళ నాన్న ఆపాడు. దక్షిణాఫ్రికాలో ఇలాంటి పురుగు ఒకటి రాత్రిపూట పేడ ఉండను తిన్నగా దొర్లించుకుపోవడానికి ఆకాశంలో పాలపుంతను చూసుకుంటుందని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. నక్షత్రశాలలో పెట్టి మరీ పరీక్షించారు. ఆస్ట్రేలియావాళ్ళు ఆవుపేడ పేరుకుపోయి, ఈగలు పెరిగి, 1960ల నుంచి బయటిదేశాల పేడపురుగుల్ని తెప్పించుకున్నారు. వాళ్ళకి ఆ పనివాడి విలువ పేడ పేరుకున్నాక తెలిసింది.

నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. దొర దొడ్లో జీవితమంతా పేడ తట్ట ఎత్తింది. ఆ 2013లోనే మన పార్లమెంటు మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ కొత్త చట్టం చేసింది, అంతకుముందు 1993లో చేసిన చట్టం చాలలేదు కాబట్టి. పురుగు తల పైకెత్తి నక్షత్రాలు చూస్తుందని ప్రపంచం ఆశ్చర్యపోయిన ఏడాదిలోనే, మనిషి మలం మనిషి ఎత్తకూడదని మనం రెండోసారి రాసుకోవాల్సి వచ్చింది.

అవనిగడ్డ చేరేసరికి మసక చీకటి. టీ కొట్టు దగ్గర ఆగితే దీపం చుట్టూ పురుగులు, వాటి మీదికి గబ్బిలాలు. పిల్లలకి జాషువా గారి గురించి చెప్పాను. గుడిలోకి రానివ్వని మనిషి తన మొర దేవుడికి చేరవెయ్యడానికి 1941లో ఆయన ఎంచుకున్నది గబ్బిలాన్ని. పాత కవులకి మేఘం ఉంది, హంస ఉంది. మనవాడు ఇంటి చూరు కింద వేలాడేదాన్ని నమ్ముకున్నాడు. అపశకునం అని జనం తరిమేదాన్నే.

ఇంటికొచ్చి పడుకునే ముందు మా పిల్ల నోటుపుస్తకం చూశాను. గీతలు గీసి మూడు గళ్ళు చేసుకుంది. పురుగు పేరు, అది చేసే పని, ఎవరు చెప్పారు. మూడో గడిలో నాన్న ఆరుసార్లు, పడవ తాత మూడుసార్లు, అమ్మమ్మ పద్నాలుగు సార్లు. మిరిడ్ నల్లి దగ్గర మాత్రం "పేరు నాన్న, పని అమ్మమ్మ" అని రాసింది. పురుగు అంటే తిట్టా కాదా అని మళ్ళీ నన్ను అడగలేదు.

మిత్రులకి ఒక పని చెప్తున్నాను. మీ అమ్మని, అమ్మమ్మని, మేనత్తని ఒక పూట చేను గట్టున కూర్చోబెట్టి అడగండి. ఏ పురుగును ఏమని పిలిచేవాళ్ళు, ఏది ఎప్పుడు వచ్చేది, ఏది దేన్ని తినేది. మూడో గడి తప్పకుండా గీయండి, అందులో ఆమె పేరు పూర్తిగా రాయండి. రొయ్యల చెరువులు ఇలాగే పెరిగితే ఇంకో పదేళ్ళలో ఆ పేర్లు తెలిసినవాళ్ళూ ఉండరు, తట్టి చూపించడానికి దుబ్బూ ఉండదు. మా ఇంట్లో పద్నాలుగు రాశాం. చెప్పాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని అమ్మ అంటోంది. దాళ్వా నాట్లప్పుడు మళ్ళీ పోతున్నాం.

జై భీమ్.